రిజర్వేషన్ అంటే అక్కడ నేల: యూట్, ఇరక్వాయ్ బతుకుల్లో తేడా ఎక్కడుంది?

రిజర్వేషన్ అనగానే మనకు గుర్తొచ్చేది సీటు, ఉద్యోగం, రోస్టర్ పాయింటు. అమెరికా మూలవాసులకు ఆ మాటకు అర్థం వేరు. వాళ్ళకు రిజర్వేషన్ అంటే నేల. ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, చుట్టూ ఉన్నదంతా లాక్కున్నాక, గీత గీసి వదిలిన ముక్క. ఆ ముక్క మీద తెగకు సొంత ప్రభుత్వం ఉంటుంది. చాలాచోట్ల సొంత కోర్టు, సొంత పోలీసు ఉంటారు. కొన్ని పన్నులు వేసే అధికారం కూడా ఉంటుంది. ఈ తేడా పట్టుకోకపోతే అక్కడి పేదరికం గురించి, డబ్బు గురించి మనం చదివేదంతా తలకిందులుగా అర్థమవుతుంది.

అమెరికా మూలవాసుల్లో పేదరికం దేశ సగటుకు దాదాపు రెట్టింపు. ఈ ఒక్క అంకె చెప్పి ఆగిపోయే వ్యాసాలు చాలానే వస్తుంటాయి. ఇంకోపక్క, "క్యాసినోలు పెట్టుకుని కోట్లు గడిస్తున్నారు, ఇంకా ఏం కావాలి వీళ్ళకి" అనే గొంతులూ ఉన్నాయి. ఒక వర్గంలో నలుగురు బాగుపడితే వర్గం మొత్తాన్నీ ఆ నలుగురి లెక్కలో కొలిచే ఈ అలవాటు మనకు కొత్తేమీ కాదు. రెండు మాటలూ సగం సగం నిజాలే. సగటు అంకె కింద ఏముందో చూడాలంటే ఒకటి రెండు సమాజాల్ని దగ్గరగా చూడాలి.

అందుకు యూట్, ఇరక్వాయ్ అనే రెండు సమాజాలు బాగా పనికొస్తాయి. యూట్లు కొలరాడో, యూటా రాష్ట్రాల కొండల జనం. యూటా రాష్ట్రానికి ఆ పేరు వాళ్ళ నుంచే వచ్చింది. ఇరక్వాయ్‌లు తూర్పున న్యూయార్క్ రాష్ట్రంలో, కెనడాలోని ఒంటారియో, క్విబెక్ రాష్ట్రాల్లో ఉంటారు. ఇరక్వాయ్ అన్నది బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళు తమని హోదెనొషోనీ అనుకుంటారు, అంటే పొడుగింటి జనం. మోహాక్, ఒనైడా, ఆనొండాగా, కయూగా, సెనెకా అనే ఐదు జాతుల కూటమిలో 1722 ప్రాంతంలో టస్కరోరా ఆరోదిగా చేరింది. ఇక నుంచి వాళ్ళని వాళ్ళ పేరుతోనే పిలుద్దాం. ఈ రెండు సమాజాల మధ్య దూరం రెండున్నర వేల కిలోమీటర్ల పైనే. భాషలు వేరు, పాలన వేరు, వారసత్వం లెక్కించే తీరు వేరు. అయినా దగ్గరగా చూస్తే యూట్లకీ హోదెనొషోనీలకీ మధ్య ఉన్న ఆర్థిక తేడా కంటే, యూట్లలో యూట్లకు మధ్య, హోదెనొషోనీల్లో వాళ్ళకి వాళ్ళకి మధ్య ఉన్న తేడానే పెద్దది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఇక్కడ చూడాల్సిన విషయం.

భూమి పోయిన తీరు

హోదెనొషోనీలు భూమి కోల్పోవడం ముందు మొదలైంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1779లో, జార్జ్ వాషింగ్టన్ ఆదేశంతో వెళ్ళిన సైన్యం వాళ్ళ ఊళ్ళు 40కి పైగా తగలబెట్టింది. మొక్కజొన్న చేలు, పండ్ల తోటలు నరికేసింది. వాషింగ్టన్‌ను అమెరికా జాతిపిత అంటుంది. హోదెనొషోనీల భాషల్లో ఆయనకున్న పేరుకు 'ఊళ్ళని నాశనం చేసేవాడు' అని అర్థం. యుద్ధం అయ్యాక 1794లో కానండైగ్వా ఒప్పందం జరిగింది. మీ నేల జోలికి రామని అమెరికా రాసిచ్చింది. ఆ ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన బట్ట ఇప్పటికీ ఏటా వస్తుంది. ధరలు పెరిగినా ఒప్పందంలోని 4,500 డాలర్ల లెక్క పెరగలేదు కాబట్టి మనిషికి వచ్చే బట్ట కురచైపోయింది. అయినా వాళ్ళు తీసుకుంటూనే ఉన్నారు. తీసుకుంటున్నంత కాలం ఒప్పందం బతికున్నట్టే అన్నది వాళ్ళ వాదన.

బట్ట వచ్చింది గానీ భూమి నిలవలేదు. ఆ పని చేసింది ఎక్కువగా న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వం. మూలవాసుల భూమిని ఫెడరల్ ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ కొనకూడదని 1790లోనే చట్టం వచ్చింది. రాష్ట్రం దాన్ని పక్కనపెట్టి కొంటూ పోయింది. 1788లో ఒనైడాల చేతిలో సుమారు 3 లక్షల ఎకరాలు మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటికి అవి 32 ఎకరాలయ్యాయి. కెనడా వైపూ అదే కథ. బ్రిటిష్ వాళ్ళ పక్షాన పోరాడినందుకు 1784లో గ్రాండ్ నది పొడవునా రెండు ఒడ్డుల్లో ఆరేసి మైళ్ళ మేర భూమి ఇచ్చారు. ఆ తొమ్మిదిన్నర లక్షల ఎకరాల్లో ఇప్పుడు మిగిలింది ఐదు శాతం లోపే.

యూట్ల భూమి పోవడం వంద ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది గానీ చాలా వేగంగా జరిగింది. 1868 ఒప్పందం కొలరాడోలో పడమటి మూడో వంతు భూమిని 'శాశ్వతంగా' వాళ్ళకి వదిలింది. ఐదేళ్ళకే శాన్ వాన్ కొండల్లో వెండి, బంగారం దొరికాయి. 1873 బ్రూనో ఒప్పందంతో 37 లక్షల ఎకరాలు పోయాయి. 1879లో నేథన్ మీకర్ అనే ప్రభుత్వ ఏజెంటు యూట్లను రైతులుగా మార్చాలన్న పట్టుదలతో వాళ్ళ గుర్రపు పందేల మైదానాన్ని దున్నించాడు. గొడవ ముదిరి, సైన్యం రావడంతో మీకర్, అతని మనుషులు చనిపోయారు. కొలరాడో పత్రికలు, నాయకులు 'యూట్లు వెళ్ళిపోవాల్సిందే' అని నినాదం ఎత్తుకున్నారు. 1881లో వైట్ రివర్, అన్‌కంపాగ్రె యూట్లను తుపాకులు చూపించి యూటా ఎడారి వైపు తోలారు. గొడవతో ఏ సంబంధమూ లేని అన్‌కంపాగ్రె వాళ్ళు కూడా ఊళ్ళు వదలాల్సి వచ్చింది.

తర్వాత పట్టాల దెబ్బ తగిలింది. 1887 డాస్ చట్టం తెగ ఉమ్మడి భూమిని కుటుంబాలవారీగా పంచి, 'మిగులు' పేరుతో మిగతాది తెల్లవాళ్ళకి తెరిచింది. చదవడానికి భూసంస్కరణలా ఉంటుంది. జరిగింది మాత్రం కబ్జా. దేశం మొత్తం మీద మూలవాసుల చేతిలో 1887లో ఉన్న 13.8 కోట్ల ఎకరాలు 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయాయి. యూటాలోని యూట్ల రిజర్వేషన్‌ను 1905లో ఇలాగే తెరిచారు. దానికి నిరసనగా కొన్ని వందల మంది యూట్లు గుడారాలు, గుర్రాలు సర్దుకుని దక్షిణ డకోటా దాకా వెళ్ళారు. రెండేళ్ళు అక్కడే ఉండి, వేరే దారి లేక 1908లో తిరిగొచ్చారు.

ఒకే పేరు, మూడు బతుకులు

ఇప్పుడు యూట్లకు మూడు ప్రభుత్వాలున్నాయి. యూటాలో యూంటా–యురే రిజర్వేషన్, కొలరాడో దక్షిణాన సదరన్ యూట్, దాని పక్కనే యూట్ మౌంటెన్ యూట్. కొలరాడోలోని రెండు తెగల రాజధానులు ఇగ్నేషియో, టోయాక్. కారులో గంటన్నరలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవచ్చు. ఆ గంటన్నర దూరంలో బతుకు మారిపోతుంది.

1895లో కొలరాడో యూట్లకు పట్టాలు తీసుకుంటారా అన్న ప్రశ్న వచ్చింది. కొందరు ఒప్పుకున్నారు. ఇగ్నేషియో అనే నాయకుడి వెనక ఉన్న వీమినుచ్ యూట్లు ఒప్పుకోలేదు. భూమిని ముక్కలు చెయ్యడం అంటే తెగని ముక్కలు చెయ్యడమే అనుకుని పడమటి కొసకు వెళ్ళిపోయారు. వాళ్ళ భూమి ఐదున్నర లక్షల ఎకరాల పైచిలుకు ఒక్క ముక్కగా నిలిచింది. పట్టాలు ఒప్పుకున్న సదరన్ యూట్ల రిజర్వేషన్ చదరంగం బల్లలా తయారైంది. ఒక గడి తెగది, పక్క గడి తెల్లరైతుది. హద్దుల లోపలున్న సుమారు 6.8 లక్షల ఎకరాల్లో తెగ చేతిలో ఉన్నది సగం కంటే తక్కువ.

మరి ఇప్పుడు ఎవరు బాగున్నారు? భూమి ముక్కలైన సదరన్ యూట్లే. వాళ్ళ నేల కింద సహజవాయువు ఉంది. కానీ గ్యాస్ ఉండటం ఒక్కటే కారణం అనుకుంటే అసలు విషయం జారిపోతుంది. 1960ల దాకా ఆ గ్యాస్‌ను బయటి కంపెనీలే తోడుకునేవి. లీజులు రాసేది వాషింగ్టన్‌లోని ఇండియన్ వ్యవహారాల శాఖ. ఎంత తోడారో లెక్క చూసే నాథుడు లేడు. తెగకు దక్కేది కంపెనీ చెప్పిన లెక్క మీద కొద్దిపాటి రాయల్టీ. 1966లో తెగ అధ్యక్షుడైన లియొనార్డ్ బర్చ్ కాలంలో ఇది మారడం మొదలైంది. 1974లో తెగ కౌన్సిల్ కొత్త లీజులు ఆపేసింది. తమ నేల కింద ఎంత ఉందో తామే సర్వే చేయించుకున్నారు. కంపెనీల ఖాతాలు ఆడిట్ చేశారు. తెగ భూమి మీద తీసే గ్యాస్ మీద పన్ను వేశారు. 1992లో రెడ్ విల్లో అని సొంత కంపెనీ పెట్టి, పాత లీజుల్ని ఒక్కొక్కటే కొనుక్కుంటూ వచ్చారు. 1994లో పైపులైన్లలో మెజారిటీ వాటా తీసుకున్నారు. 2000లో వ్యాపారాన్ని తెగ ప్రభుత్వం నుంచి విడదీసి గ్రోత్ ఫండ్ అని వేరే సంస్థ పెట్టారు. పదిహేను వందల మంది లోపు ఉండే ఆ తెగకు రేటింగ్ సంస్థలు ట్రిపుల్ ఏ ఇచ్చాయి. సభ్యులకు వైద్యం, పిల్లలకు పైచదువుల ఖర్చు, వృద్ధులకు పెన్షను తెగే చూస్తుంది.

దీన్ని చూసి పట్టాలు తీసుకోవడమే మంచిదైందని అనేవాళ్ళుంటారు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వాళ్ళకు జవాబు. తెల్లవాళ్ళకు పోయిన సుమారు రెండు లక్షల ఎకరాల కింద బొగ్గు హక్కు తెగకు మిగిలింది. బొగ్గు పొరల్లో ఉన్న గ్యాస్ కూడా మాదేనని తెగ ఆమకో కంపెనీ మీద దావా వేసింది. బొగ్గు వేరు, బొగ్గులోని గ్యాస్ వేరు అని కోర్టు తేల్చింది. తెగ ఓడింది. 1895లో నేల ముక్కలు కాకపోతే ఆ కేసే ఉండేది కాదు. వాళ్ళు బాగుపడింది మిగిలిన గడుల మీదే.

టోయాక్ సంగతి చూద్దాం. నేల చెక్కు చెదరలేదు గానీ నీళ్ళు లేవు. 1868 ఒప్పందం నుంచి లెక్కేస్తే ఆ ప్రాంతపు వాగుల మీద మొదటి హక్కు యూట్లదే. రిజర్వేషన్ ఇచ్చినప్పుడే దానికి కావలసిన నీళ్ళు కూడా ఇచ్చినట్టేనని 1908లో విన్‌టర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కాలువలు తవ్వుకున్నది పైనున్న తెల్లరైతులు. 1980ల చివరి దాకా టోయాక్ జనం తాగేనీళ్ళు లారీల్లో తెచ్చుకునేవారు. 1988లో కాంగ్రెస్ నీటి ఒప్పందానికి చట్టం చేసింది. డొలోరెస్ ప్రాజెక్టు నుంచి పైపులైన్, కాలువ వచ్చాయి. తెగ 7,700 ఎకరాల్లో సొంత వ్యవసాయ క్షేత్రం పెట్టింది. అయితే హక్కు తేదీ ఎంత పాతదైనా, ప్రాజెక్టు నీళ్ళలో వాళ్ళ వాటా కరువొచ్చినప్పుడు అందరితో పాటే తగ్గిపోతుంది. 2021 కరువులో ఆ పొలానికి వచ్చింది మామూలు నీళ్ళలో పదో వంతు.

అదే తెగకు చెందిన వైట్ మెసా అనే చిన్న ఊరు యూటాలో ఉంది. దానికి కొద్ది మైళ్ళ దూరంలో, 1980 నుంచి, యురేనియం మిల్లు నడుస్తోంది. భూగర్భ జలాల గురించి భయపడుతున్న ఊరివాళ్ళు ఏటా ఆ మిల్లు దాకా నిరసన యాత్ర చేస్తారు. మిల్లు తెగ హద్దు బయట ఉంది కాబట్టి తెగ ప్రభుత్వానికి దాని మీద అధికారం లేదు. సదరన్ యూట్లకు కలిసొచ్చిన మీట ఇక్కడ లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

క్యాసినో ఒక్కటే కాదు

హోదెనొషోనీల గురించి మాట్లాడితే క్యాసినో ముందుకొస్తుంది. 1988 చట్టం ప్రకారం తెగలు తమ భూమి మీద జూదశాలలు పెట్టుకోవచ్చు, కానీ పెద్ద ఆటలకు రాష్ట్రంతో ఒప్పందం కుదుర్చుకోవాలి. 1993లో ఒనైడాలు టర్నింగ్ స్టోన్ తెరిచారు. 2002లో సెనెకాలు రాష్ట్రంతో ఒప్పందం చేసుకుని నయాగరా ఫాల్స్, సాలమాంకా, బఫలోల్లో తెరిచారు. డబ్బొచ్చింది. ఉద్యోగాలు, ఆసుపత్రులు, ఇళ్ళు వచ్చాయి. రాష్ట్రానికీ వాటా పోతుంది. ఆ వాటా మీద వివాదం వస్తే 2022లో న్యూయార్క్ ప్రభుత్వం సెనెకాల బ్యాంకు ఖాతాలు స్తంభింపజేసి 50 కోట్ల డాలర్లకు పైగా రాబట్టుకుంది. అందులో పెద్ద భాగం బఫలోలో ఫుట్‌బాల్ స్టేడియం కట్టడానికి కేటాయించింది.

డబ్బున్న తెగకైనా భూమి తిరిగి రావడం ఎంత కష్టమో ఒనైడాలు చూపించారు. రాష్ట్రం కొన్న భూములు చట్టవిరుద్ధమని 1985లో సుప్రీంకోర్టే ఒప్పుకుంది. క్యాసినో డబ్బుతో వాళ్ళు ఆ భూముల్ని బజారు ధరకు కొనుక్కుంటూ వచ్చారు. ఇది మా రిజర్వేషనే కాబట్టి ఆస్తి పన్ను కట్టం అన్నారు. 2005లో షెరిల్ కేసులో కోర్టు కుదరదంది. రెండు వందల ఏళ్ళు గడిచాయి, ఇప్పుడు తిరగదోడితే ఇబ్బంది అన్నది తీర్పు సారాంశం. తీర్పు రాసింది సమానత్వ పోరాటాల్లో పేరున్న జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. మొదటి ఫుట్‌నోట్‌లోనే 'డిస్కవరీ సిద్ధాంతం' పేరెత్తారు. క్రైస్తవ రాజులు 'కనుక్కున్న' నేల వాళ్ళదే అవుతుందన్న పదిహేనో శతాబ్దపు మాట అది. 2023లో వాటికన్ కూడా దాన్ని తిరస్కరించింది.

సెనెకాల నేలను మింగింది డ్యామ్. పిట్స్‌బర్గ్ నగరానికి వరద ముప్పు తగ్గించాలని అలెగనీ నది మీద కట్టిన కిన్‌జువా డ్యామ్ 1965లో పూర్తయింది. దాదాపు 10 వేల ఎకరాలు మునిగాయి. సుమారు 600 మంది నిర్వాసితులయ్యారు. పూర్వీకుల సమాధులు తవ్వి వేరే చోటికి మార్చాల్సి వచ్చింది. ఈ పని 1794 ఒప్పందానికి నేరుగా విరుద్ధం. ఆపమని అడిగితే అధ్యక్షుడు కెనెడీ వీలుకాదన్నాడు. పరిహారం చట్టం 1964లో వచ్చింది, అప్పటికే ఇళ్ళు ఖాళీ అవుతున్నాయి.

మోహాక్‌ల కథలో పని ముఖ్యం. మాంట్రియల్ పక్కన కానవాగె ఊరి మగవాళ్ళు ఉక్కు వంతెనలు, ఆకాశహర్మ్యాలు కట్టే పనిలో పేరు తెచ్చుకున్నారు. న్యూయార్క్ నగరంలోని ఎన్నో పెద్ద కట్టడాల ఉక్కు చట్రం మీద వాళ్ళ చేతులున్నాయి. మోహాక్‌లకు ఎత్తంటే భయం ఉండదని ఒక కథ పుట్టించారు. అది పొగడ్తలా వినిపించే జాతి ముద్ర. 1907లో క్విబెక్ వంతెన కూలి 75 మంది చనిపోతే అందులో 33 మంది ఆ ఒక్క ఊరివాళ్ళే. భయం లేక కాదు, సొంత నేల మీద బతుకుతెరువు తగ్గిపోయి, నైపుణ్యానికి మంచి జీతం దొరికి ఎక్కారు.

ఇంకో మోహాక్ ఊరు అక్వెసాస్నె. దాని మధ్య నుంచి అమెరికా–కెనడా సరిహద్దు పోతుంది. ఒక పక్క న్యూయార్క్, ఇంకో పక్క ఒంటారియో, క్విబెక్. బంధువుల ఇంటికి పోవాలన్నా కస్టమ్స్ దాటాలి. 1950ల్లో సెయింట్ లారెన్స్ నౌకా మార్గం తవ్వారు. చవక కరెంటు కోసం అల్యూమినియం ఫ్యాక్టరీలు, జనరల్ మోటార్స్ ఫౌండ్రీ వచ్చాయి. వాటి నుంచి పీసీబీ అనే విషరసాయనాలు నదిలోకి చేరాయి. చేపల మీద బతికే ఊరికి చేపలు తినొద్దని చెప్పాల్సి వచ్చింది. 1980ల్లో కాట్సి కుక్ అనే మోహాక్ మంత్రసాని తల్లిపాలలో విషం ఎంతుందో పరీక్షించాలని పట్టుబట్టి, విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి ఆ అధ్యయనం నడిపారు. చేపలు మానేసిన తల్లుల పాలలో విషం తగ్గింది. కానీ చేపలు పోయిన చోట దుకాణం తిండి వచ్చింది, దాంతో పాటు షుగర్ జబ్బు పెరిగింది. వల అల్లడం, చేపలు పట్టడం, వాటి చుట్టూ ఉన్న మాటలు కొత్త తరానికి అందకుండా పోయాయి. 2013లో అల్యూమినియం కంపెనీలతో కుదిరిన సుమారు 2 కోట్ల డాలర్ల పరిహారంలో కొంత, పెద్దల దగ్గర పిల్లలు ఆ పనులు నేర్చుకోవడానికి కేటాయించారు. నది పాడైతే భాష కూడా నష్టపోతుందని లెక్కగట్టి పరిహారం ఇచ్చిన సందర్భాలు చాలా అరుదు.

వీళ్ళందరి మధ్య ఆనొండాగాలు వేరుగా నిలబడ్డారు. వాళ్ళకు క్యాసినో లేదు, వద్దనుకున్నారు. ఎన్నికల కౌన్సిల్ లేదు. గణమాతలు ఎంపిక చేసిన నాయకులే ఇప్పటికీ పాలకులు. చేతిలో ఉన్నది ఏడు వేల ఎకరాల పైచిలుకు. తలసరి ఆదాయం లెక్కలో సెనెకాలకు దీటుగా రారు. 2005లో వాళ్ళు వేసిన భూహక్కుల దావా విచిత్రమైనది. ఎవరినీ ఖాళీ చేయమనలేదు. భూమి తీసుకున్న తీరు చట్టవిరుద్ధమని ఒప్పుకోవాలని, ఫ్యాక్టరీలు పాదరసంతో పాడుచేసిన ఆనొండాగా సరస్సును బాగుచేయాలని అడిగారు. షెరిల్ తీర్పు చూపించి కోర్టులు కొట్టేశాయి. వాళ్ళు అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్‌కు వెళ్ళారు, 2023లో కమిషన్ కేసును విచారణకు స్వీకరించింది. ఈలోగా కాలుష్య పరిహారంలో భాగంగా 1,023 ఎకరాలు తిరిగొచ్చాయి. 2022లో ఒప్పందం, 2024లో బదిలీ. క్యాసినో డబ్బుతో కొనలేని ఒక రకం విజయం ఇది. అలాగని పేదరికాన్ని పవిత్రం చేయాల్సిన పని లేదు. సెనెకా పిల్లవాడికి దొరికే స్కాలర్‌షిప్పు ఆనొండాగా పిల్లవాడికి దొరకకపోవడం కూడా నిజమైన నష్టమే.

రక్తం లెక్క, తల్లి లెక్క

తెగ సభ్యుడెవరు? డబ్బు, భూమి, ఇల్లు, చదువు అన్నీ ఈ ప్రశ్నకు వేలాడుతుంటాయి. కుల ధ్రువీకరణ పత్రం కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు ఈ ప్రశ్న బరువు తెలుసు. అయితే అక్కడ కాగితం మీద రాసేది ఒక భిన్నం.

సదరన్ యూట్ సభ్యత్వానికి నాలుగో వంతు ఆ తెగ రక్తం ఉండాలి. యూటాలోని యూట్లకైతే 5/8. అమెరికాలో ఇంత కఠినమైన నిబంధన ఇంకో తెగకు ఉండటం అరుదు. దీని వెనక ఒక గాయం ఉంది. పోయిన భూములకు పరిహారంగా 1950లో యూట్లకు మూడు కోట్ల డాలర్లకు పైగా ఇవ్వాలని తీర్పొచ్చింది. అదే కాలంలో యూటా నేల కింద చమురు బయటపడింది. నాలుగేళ్ళకు, 1954లో, కాంగ్రెస్ యూట్ విభజన చట్టం చేసింది. సగం కంటే తక్కువ యూట్ రక్తం ఉన్నవాళ్ళు 'మిశ్రమ రక్తం' జాబితాలోకి పోయారు. అలా 490 మంది. 1961లో వాళ్ళకు ఇండియన్ అన్న గుర్తింపే రద్దయింది. వాళ్ళ వాటా కింద ఇచ్చిన షేర్లు ఒక బ్యాంకు ఉద్యోగుల ద్వారా చౌకగా చేతులు మారాయి. అది మోసమని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది గానీ గుర్తింపు తిరిగి రాలేదు. డబ్బు వస్తున్న సమయంలోనే రక్తం కొలవడం మొదలైందన్నది గమనించాలి. బంధువులే బంధువుల్ని బయటికి పంపేలా ప్రభుత్వం ఏర్పాటు చేసింది, తెగ నాయకత్వంలో ఒక భాగం దానికి సరేనంది.

హోదెనొషోనీల సంప్రదాయంలో రక్తం భిన్నం లేదు. తల్లి ఏ గణం అయితే పిల్లలది ఆ గణం. సెనెకా సభ్యత్వం ఇప్పటికీ తల్లి ద్వారానే. నాయకుణ్ణి నిలబెట్టేదీ, దారి తప్పితే దించేదీ గణమాతలే. కెనడా ఇండియన్ చట్టం దీన్ని తలకిందులు చేసింది. బయటివాణ్ణి పెళ్ళాడిన ఆడమనిషి హోదా కోల్పోయేది. బయటి ఆడమనిషిని చేసుకున్న మగవాడు హోదా కోల్పోకపోగా భార్యకూ హోదా ఇప్పించేవాడు. కానవాగెకు చెందిన మేరీ టు-యాక్స్ ఎర్లీ రెండు దశాబ్దాలు దీని మీద పోరాడారు. 1985లో చట్టం మారాక హోదా తిరిగి పొందిన మొదటి మహిళ ఆమే. ఆ పోరాటంలో ఆమెకు ఎదురైనవాళ్ళలో సొంత ఊరి మగ నాయకులూ ఉన్నారు. 1981లో అదే కానవాగె కౌన్సిల్ బయటివాళ్ళని పెళ్ళాడినవాళ్ళు ఊళ్ళో ఉండకూడదని నియమం పెట్టింది. 2018లో క్విబెక్ కోర్టు దాన్ని కొట్టేసింది. సెనెకాల్లోనూ ఇలాంటిదే ఒకటుంది. 1848లో నాయకుల పాలన తీసేసి ఎన్నికల ప్రభుత్వం తెచ్చుకున్నారు. అవినీతి మీద తిరుగుబాటుగానే తెచ్చుకున్నారు. ఆ 'ఆధునిక' ప్రభుత్వంలో ఆడవాళ్ళకు ఓటు వచ్చింది 1964లో. తల్లి పేరున వంశం నడిచే సమాజం కూడా, కాగితం మీద ప్రభుత్వం రాసుకునేసరికి తండ్రి చేతికి పోయింది.

ఓటు విషయంలో రెండు సమాజాల దారులు ఎదురెదురుగా సాగాయి. 1924లో అమెరికా మూలవాసులందరికీ పౌరసత్వం ఇచ్చింది. హోదెనొషోనీలు మాకొద్దన్నారు. మేము వేరే దేశం, మాకు మా పౌరసత్వం ఉందన్నారు. అంతకు ముందు ఏడాదే డెస్కహె అనే కయూగా నాయకుడు సొంత పాస్‌పోర్టుతో జెనీవాకు పోయి నానాజాతి సమితి తలుపు తట్టాడు. కెనడా జవాబుగా 1924లో గ్రాండ్ నది దగ్గరి సంప్రదాయ మండలిని తొలగించి ఎన్నికల కౌన్సిల్ పెట్టింది. యూటాలో యూట్లు ఓటు అడిగారు. రిజర్వేషన్‌లో ఉండేవాళ్ళు రాష్ట్ర నివాసులు కారని ప్రభుత్వం నిరాకరించింది. ఒక యూట్ వేసిన కేసులో 1956లో రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. కేసు పైకోర్టుకు పోయాక, 1957లో, రాష్ట్రమే చట్టం మార్చుకుంది. ఒకరికి అడగనిది రుద్దారు, ఇంకొకరికి అడిగింది ఇవ్వలేదు. రెండుచోట్లా నిర్ణయం తెగది కాదు.

బడి

రెండు సమాజాల పిల్లల్నీ బోర్డింగ్ స్కూళ్ళకు లాక్కెళ్ళారు. బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ 1970 దాకా నడిచింది. భాష మాట్లాడితే దెబ్బలు, జుట్టు కత్తిరింపు, పొలంలో పని. ఆ బడుల నుంచి వచ్చిన తరం తమ పిల్లలకు భాష నేర్పలేదు. దెబ్బలు తమతోనే ఆగిపోవాలనుకున్నారు. అందుకే ఇప్పుడు యూట్ భాష బాగా మాట్లాడేవాళ్ళలో ఎక్కువమంది వృద్ధులే.

1979లో అక్వెసాస్నె తల్లిదండ్రులు ఫ్రీడమ్ స్కూల్ అని సొంత బడి పెట్టుకున్నారు. మోహాక్ భాషలోనే పాఠాలు. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే సిలబస్ కూడా తీసుకోవాలి కాబట్టి, ఊరి ఆడవాళ్ళు కుట్టిన బొంతలు ఏటా వేలం వేసి బడి నడుపుతూ వచ్చారు. సదరన్ యూట్లు గ్యాస్ డబ్బుతో 2000లో మాంటిసోరి బడి తెరిచి యూట్ భాషను పాఠంలో పెట్టారు. టోయాక్‌కు అంత డబ్బు లేదు. అక్కడి పిల్లలు పక్క పట్టణం కోర్టెజ్‌కు బస్సులో పోయేవాళ్ళు. 2021లో తెగ కొలరాడో ప్రభుత్వ చార్టర్ బడుల పద్ధతిని వాడుకుని సొంత ఊళ్ళోనే బడి తెరిచింది. ఒకటో తరగతి దాకా మొదలుపెట్టి తరగతులు పెంచుకుంటూ వస్తున్నారు. దాని పేరు క్వియాగట్ కమ్యూనిటీ అకాడమీ. క్వియాగట్ అంటే యూట్ భాషలో ఎలుగుబంటి.